ఏడు ఫోల్డర్ల అవతల

నాకు ఓపిక తక్కువ. పసుపురంగు ఫోల్డర్ బొమ్మ మీద రెండుసార్లు నొక్కి, అది తెరుచుకునేదాకా చూసి, లోపలున్న ఇంకో పసుపు బొమ్మ మీద మళ్ళీ రెండుసార్లు నొక్కడమంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. అందుకే మౌస్ జోలికి పోను. ఆల్ట్ పట్టుకుని పైబాణం నొక్కితే ఒక మెట్టు పైకి, ఎడమబాణం నొక్కితే వచ్చిన దారినే వెనక్కి, కంట్రోల్‌తో ఎల్ కలిపి నొక్కితే నేరుగా పైనున్న అడ్రస్ గడిలోకి. రోజూ వాడే ఫోల్డర్లన్నీ పక్కనే పిన్ చేసి ఉంటాయి. పేరులో మూడక్షరాలు కొడితే ఫైలును పట్టిచ్చే పనిముట్లు సొంతంగా నాలుగు రాసుకున్నాను. వంటింట్లోనూ ఇదే వరస. ఉప్పు, చింతపండు, పోపులపెట్టె అడుగు కదపకుండా చెయ్యి చాస్తే అందాలి. ఇవి కూడా పిన్ చేశావా రోహిణీ అని నా భర్త కేశవ్ ఏడిపిస్తుంటాడు.

అలాంటి నన్ను తీసుకొచ్చి దానయ్య గారి ఫోల్డర్ల ముందు కూర్చోబెట్టారు.

భీమిలికి ఉత్తరాన, ఒక చేపలరేవు పక్కన మా పరిశోధన కేంద్రం ఉంది. సముద్రం అడుగున మైకులు దింపి అక్కడి చప్పుళ్ళు రికార్డు చేయడం దాని పని. చేపల గుంపులు, రొయ్యలు, దూరంగా పోయే ఓడలు, ఎప్పుడైనా అదృష్టం బాగుంటే ఒక తిమింగలం. ఇరవై ఆరేళ్ళ చప్పుళ్ళు, పన్నెండు లక్షల ఫైళ్ళు. వాటన్నిటినీ సర్దిపెట్టింది సూరాడ దానయ్య గారు. ఆ రేవులో పుట్టినవాడే. మైకులు దింపడానికి కుర్రతనంలో పడవ మీద కూలికి వచ్చి, పని నేర్చుకుని టెక్నీషియన్ అయ్యాడు. వయసు యాభై ఎనిమిది.

ఎవరైనా తారీఖు ప్రకారం సర్దుతారు. కాకపోతే చేప పేరు ప్రకారం. దానయ్య గారి సర్వర్ తెరిస్తే మొదట 'రేవు' అనే ఫోల్డర్ ఒక్కటే కనిపిస్తుంది. దానిలోపల 'ఎర్రమెట్ట'. దానిలో ఐదారు ఫోల్డర్లు, వాటిలో ఒకటి 'జంట తాడిచెట్లు'. ఆ తర్వాత 'తెల్లమేడ', 'దీపం', 'బోడికొండ', 'కొండల సందు'. ఏడు ఫోల్డర్లు దిగితే గాని ఫైళ్ళు కనబడవు. వాటికి పేర్లుండవు, మైకు ఇచ్చిన అంకెలే. వచ్చిన మొదటివారం నేను ఈ గోల భరించలేక, అన్నీ తీసి ఒకే చోట పోసి వెతుక్కుందామన్నాను. ఆయన కోప్పడలేదు. నన్ను మేడ మీదికి తీసుకెళ్ళి ఒడ్డు చూపించాడు.

సముద్రం అడుగున అక్కడక్కడా రాళ్ళగుట్టలుంటాయి. వాటిని పారలంటారు. చేప అక్కడే ఉంటుంది. పైనుంచి చూస్తే ఉత్త నీళ్ళే కాబట్టి, ఒడ్డు మీది గురుతులు పట్టుకుని పోవాలి. ఎర్రమెట్టని వెనక పెట్టుకుని పోతూ ఉంటే జంట తాడిచెట్లు రెండూ ఒకటైపోయే చోటు వస్తుంది, అక్కడ తిరగాలి. తర్వాత తెల్లమేడ వెనక దీపస్తంభం దాక్కునే చోటు. అలా ఒకదాని తర్వాత ఒకటి.

"మొదట అందరి దారీ ఒకటేనమ్మా. ఎర్రమెట్ట కాడ్నించి ఇడిపోతాది," అన్నాడు. "మైకు దింపిన చోటి సప్పుళ్ళు పెట్టేటప్పుడు కంప్యూటర్లో కూడా అలాగే ఎల్లినాను. ఇంకోలా నాకు తెల్దు."

ఏడో ఫోల్డర్ దగ్గర మా మైకు దింపే చోటు వస్తుంది. దానికి కాస్త అవతల వాళ్ళ అయ్య నాటి పార ఉందనీ, చుట్టూ ఇరవై రెండు బారల లోతున్నా ఆ పార మీద పద్నాలుగేననీ, ఆదివారం వేటకి ఆయన అక్కడికే పోతాడనీ అందరికీ తెలుసు. ఎలా వెళ్తారని అడిగితే నవ్వి, టీ తెప్పించాడు.

ఆయన మౌస్ తోనే నొక్కుతాడు. ఒక్కొక్క ఫోల్డరూ తెరుస్తాడు. ఏ రోజు ఏ చప్పుడు కావాలన్నా నిమిషంలోపల దొరకబుచ్చుకుంటాడు. నా పనిముట్లు పేరుని బట్టి వెతుకుతాయి కాబట్టి అంకెల మధ్య గుడ్డివైపోయేవి. నాకది అవమానంగా తోచింది. ఆ ఉక్రోషంలోంచే 'గెంతు' పుట్టింది.

అది చెవి వెనక తగిలించుకునే రూపాయి బిళ్ళంత పరికరం. నాలుగేళ్ళు పట్టింది. తెలిసిన దారిలో నడిచేటప్పుడు మెదడులో ఒక్కో మలుపు దగ్గర ఒక్కో కణం మెరుస్తుంది. నా లెక్క ప్రకారం ఫోల్డర్లలో దిగేటప్పుడూ అవే మెరవాలి. ఆ లెక్క సరైనదో కాదో చూడటానికి, తలలో దారులు గట్టిగా నాటుకున్న మనిషి కావాలి. దానయ్య గారిని మించినవాళ్ళు ఎవరున్నారు? నేను చేసిన తప్పు అక్కడే మొదలైంది. అప్పుడు మాత్రం నా తెలివికి నేనే మురిసిపోయాను.

మూడు వారాలు ఆయన బిళ్ళ పెట్టుకుని మామూలుగా పని చేశాడు. ఫోల్డర్ తెరిచినప్పుడల్లా నా తెర మీద ఒక గీత లేచేది. రేవు, ఎర్రమెట్ట, జంట తాడిచెట్లు... ఏడుకి ఏడు గీతలు. నాలుగో వారం మౌస్ తీసేశాను. ఫలానా ఏడాది వానాకాలపు తిమింగలం చప్పుడు కావాలని మనసులో అనుకోమన్నాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. చివరి గీత ఎక్కడ లేవబోతోందో బిళ్ళ ముందే పసిగట్టింది. ఫైలు తెరుచుకుంది. ఏ ఫోల్డరూ తెరవలేదు, ఏ మీటా నొక్కలేదు. గదిలో తిమింగలం మూలిగింది.

నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. ఎలా ఉంది దానయ్య గారూ అని అడిగితే ఆయన మెడ నిమురుకున్నాడు.

"దిగినట్టు నేదమ్మా, పడినట్టుంది," అన్నాడు.

అలవాటైపోతుందిలెండి అన్నాను.

నిజంగానే అలవాటైపోయింది. నెల తిరక్కుండానే కేంద్రంలో పదకొండుమందికీ చెవుల వెనక బిళ్ళలొచ్చాయి. ఏడాది పట్టే పని రెండు నెలల్లో తేలిపోతుంటే డైరెక్టర్ భానోజీరావు గారు నన్ను చూసినప్పుడల్లా లేచి నిలబడేంత పని చేసేవారు. తీరం పొడుగునా ఉన్న అన్ని కేంద్రాలకీ రాబోయే ఒకటో తారీఖున గెంతు ఇవ్వాలని నిర్ణయించారు. ఇంట్లోనూ నేను బిళ్ళ తీసేదాన్ని కాదు. ఫోటోలు, బిల్లులు, కేశవ్ పోగొట్టుకున్న కాగితాలు అన్నీ తలచుకుంటే వచ్చి వాలేవి. ఇలాంటిది బీరువాకి కూడా తగిలించు తల్లీ అని కేశవ్ దండం పెట్టాడు.

ఒక సోమవారం మధ్యాహ్నం ముత్యాలమ్మ వచ్చింది. దానయ్య గారి భార్య. రేవులో చేపల గంప దించి, చేతులు కడుక్కుని, నేరుగా నా గదికే వచ్చింది. ఎప్పుడొచ్చినా గుమ్మంలోనే నిలబడి గట్టిగా మాట్లాడే మనిషి, ఆ రోజు లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"మా ముసిలోడికి ఏటైనాదో నువ్వే సెప్పాలమ్మా," అంది. "నిన్న పార దొరకనేదు. మంచు పట్టీసిందన్నాడు. మంచేటి? ఇసక కాలిపోతంటే."

ఈ ఏడు వేట నిషేధం రెండు నెలలు, ఆ తర్వాత పడవ మరమ్మతు రెండు నెలలు. నాలుగు నెలల తర్వాత నిన్ననే ఆయన సముద్రం మీదికి వెళ్ళాడు. ముత్యాలమ్మ తమ్ముడు గురవయ్య ఇంజన్ దగ్గరున్నాడు. ఎర్రమెట్ట దాటాక దానయ్య గారు పడవ ఆపమన్నాడట. ఆపి, గంటసేపు ఒడ్డుకేసి చూస్తూ కూర్చున్నాడట. ఆ తర్వాత ఇంటికి పొమ్మన్నాడట. తమ్ముడు చెప్పేదాకా ఆమెకి ఈ సంగతి తెలియదు. రాత్రి గట్టిగా అడిగితే చెప్పాడు.

"కొండలన్నీ అగుపడతన్నాయంట. దేని పక్కన ఏది రావాలో తెల్డం నేదంట," అంది ముత్యాలమ్మ. "మా పేటలో ఎవడికి పార దొరక్కపోయినా ఈడినే అడుగుతారు. రేపెవడైనా అడిగితే ఏటి సెప్తాడు? ఇంక సముద్రం మీదికి ఎల్లనన్నాడు. అన్నం కూడా తినడం నేదు."

వయసు, ఎండ, కళ్ళు అని నేనేదో చెప్పి పంపించాను. ఆమె వెళ్ళగానే దానయ్య గారి పాత రికార్డు తీశాను. మొదటి వారం ఏడు గీతలు. మూడో నెలలో నాలుగు. మొన్న శనివారం తారీఖు తెరిచాను. ఒకే ఒక్క గీత, చివర. మిగతా దారంతా నున్నగా ఉంది.

బిళ్ళ ఆయన మెదడులోంచి ఏదీ దొంగిలించలేదు. నడవని దారిని మెదడు తనంతట తనే వదిలేసింది, అంతే. మిగతా పదిమందికీ అదే జరిగింది. కానీ వాళ్ళు పోగొట్టుకున్నవి ఫోల్డర్లు. అవి పోయినట్టు వాళ్ళకి తెలియను కూడా తెలియదు. దానయ్య గారికి మాత్రం కంప్యూటర్లో దారీ, సముద్రం మీది దారీ ఒకటే. అందుకే ఆయన్ని ఎంచుకున్నాను. ఆ నాలుగు నెలలూ ఆయన పడవెక్కలేదు, నా దగ్గర రోజుకి వందసార్లు గెంతాడు. నాకు సిగ్గేసింది. తర్వాత భయమేసింది.

మర్నాడు భానోజీరావు గారికి గీతలు చూపించాను. ఒకటో తారీఖు కాగితం మీద సంతకం పెట్టనని చెప్పాను. ఆయన మంచివారే. గొంతు పెంచలేదు. దానయ్యది వయసు, నేనూ ఆరు నెలల నుంచి వాడుతున్నాను, నాకేమైంది అన్నారు. బిళ్ళ తీసి, మీ థీసిస్ ఎక్కడుందో తెరిచి చూపించండి సార్ అన్నాను. అది ఆయన ముప్పై ఏళ్ళుగా ఒకే చోట దాచుకున్న ఫోల్డర్. సంవత్సరానికోసారైనా తీసి చూసుకుంటారని మాకు తెలుసు.

ఆయన నవ్వుతూ మౌస్ పట్టుకున్నారు. ఒక ఫోల్డర్ తెరిచారు, మూశారు. ఇంకోటి తెరిచారు. నవ్వు మెల్లగా పోయింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను. చాలాసేపటికి సొరుగు లాగిన చప్పుడు వినిపించింది. బిళ్ళ అందులో పెట్టి తాళం వేశారు.

"ఒకటో తారీఖు ఆపుదాం," అన్నారు. తాళంచెవి బల్ల మీద పెడుతూ, "నాలుగేళ్ళ పని కదమ్మా నీది," అన్నారు.

అవును సార్ అన్నాను. అంతకు మించి ఏమన్నా ఏడుపు వచ్చేది.

ఆ సాయంత్రమే, ఆయన సొరుగులోదానితో కలిపి పదకొండు బిళ్ళలూ వెనక్కి తీసుకున్నాను. నాది తీయడమే కష్టమైంది. ఇంటికెళ్ళి వంటింట్లో నిలబడి, కరెంటు బిల్లు ఏ ఫోల్డర్లో పెట్టానా అని ఆలోచిస్తే తలలో అడ్రస్ లేదు. కేశవ్ ఉప్పు డబ్బా నా చేతికందేలా జరిపాడు.

దానయ్య గారికి నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. తప్పు నాదేనన్నాను. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననిపించింది. పడవలో జీపీఎస్ పెట్టిస్తాననీ, అంకెలు కొడితే మైకు చోటికి అదే తీసుకుపోతుందనీ చెప్పాను.

"అదీ గెంతడమే కదమ్మా," అన్నాడు.

జీపీఎస్ మాట నేను మళ్ళీ ఎత్తలేదు.

దారి తెలిసిన మనిషి ఒక్కడే, ఆ మనిషిలో దారి లేదు. కొన్ని రోజులు నాకేమీ పాలుపోలేదు. ఒక ఉదయం ఊరికే సర్వర్ తెరిచి, అలవాటుగా కంట్రోల్, ఎల్ నొక్కాను. అడ్రస్ గడి నీలంగా వెలిగింది. అందులో మొదటినుంచి చివరిదాకా పొడుగ్గా రాసి ఉంది. రేవు, ఎర్రమెట్ట, జంట తాడిచెట్లు, తెల్లమేడ, దీపం, బోడికొండ, కొండల సందు. తీసి పారేద్దామని నేను పోరిన ఏడు ఫోల్డర్లూ ఆయన పెట్టినవి పెట్టినట్టే అక్కడున్నాయి. మేమందరం ఆరు నెలలుగా వాటి నెత్తి మీంచి గెంతుతున్నాం.

దానయ్య గారిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. అన్నిటికన్నా లోపలి ఫోల్డర్లో ఉండి, ఆల్ట్ పట్టుకుని పైబాణం ఒక్కసారి నొక్కాను. ఒక మెట్టు పైకి వచ్చాం. ఇక్కడేముంది దానయ్య గారూ అని అడిగాను. బోడికొండ అని చదివాడు. బోడికొండ ఎక్కడ ఉంటే, దాని పక్కన ఏముండాలి? తెలియదన్నాడు. మేడ మీదికి వెళ్ళాం. బోడికొండ చూశాం. కిందికి వచ్చి మళ్ళీ ఒక మెట్టు పైకి.

రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇదే పని. జీవితంలో మొదటిసారి నేను ఒక ఫోల్డర్‌ని తెరిచి, తొందర లేకుండా దాని ముందు కూర్చున్నాను. పైకి ఏడు మెట్లు, కిందికి ఏడు మెట్లు. పదో రోజున తెల్లమేడ దగ్గర ఆయన వేలు మౌస్ మీద ఆగింది.

"మేడకి ఈ రంగు కాదు, అప్పుడు పసుప్పచ్చ," అన్నాడు. "మా అయ్య తెడ్డు ఎత్తి సూపించినాడు. నాకు ఎనిమిదేళ్ళు. సలేస్తంది." అంటూ కళ్ళొత్తుకున్నాడు.

ముందుగా అడిగే, నేనా రోజు బిళ్ళని గీతల కోసం మాత్రం ఆయన చెవికి పెట్టాను. రెండు గీతలు లేచాయి. నెల తిరిగేసరికి ఐదయ్యాయి. అక్కడ ఆగిపోయాయి. మరో పదిహేను రోజులు చూసినా ఆరోది లేవలేదు. ఇంక చాలమ్మా, మిగతాది నీళ్ళ మీద సూద్దాం అన్నాడు ఆయనే.

ఆదివారం పొద్దున్న ఎండెక్కాక బయల్దేరాం. ఇంజన్ దగ్గర గురవయ్య. చుక్కాని దానయ్య గారిది. నేను మధ్యలో, ఏడు పేర్లు రాసుకున్న కాగితంతో. ఒడ్డున ముత్యాలమ్మ నిలబడింది. గంప తెచ్చుకోలేదు. తెచ్చుకుంటే ఆశ పడినట్టుంటుందని తేలేదని ఆమె ముఖం చూస్తేనే తెలుస్తోంది.

ఎర్రమెట్ట వెనక్కి వచ్చింది. దానయ్య గారు కాగితం అడగలేదు. జంట తాడిచెట్లు మెల్లగా దగ్గరికి జరిగి ఒక చెట్టయిపోయాయి. ఆయన చుక్కాని తిప్పాడు. తెల్లమేడ. దాని వెనక్కి దీపస్తంభం వెళ్ళి దాక్కోగానే మళ్ళీ తిప్పాడు. అక్కడిదాకా పడవ ఒక్కసారి కూడా తడబడలేదు.

తర్వాత పడవ నెమ్మదించింది. ఆయన ఒడ్డుకేసి చూస్తున్నాడు. నుదుటి మీద చెమట. గురవయ్య తల వంచుకున్నాడు.

"బోడికొండ," అని చదివాను.

ఆయన కొండని వెతికి పట్టుకున్నాడు. చాలాసేపు దానికేసి చూసి, పడవని కుడికి పోనిచ్చాడు. అటు కాదేమో అనిపించి ఎడమకి తిప్పాడు. కొండ ముందుకు జరిగింది. దాని వెనకనుంచి ఇంకో కొండ అంచు బయటపడింది.

"సందు," అన్నాడు నేను చదవకముందే.

రెండు కొండల మధ్య సన్నని ఆకాశం కనిపించింది. మా మైకు దింపే చోటికి వచ్చాం. నేను కాగితం మడిచాను. ఇందులో ఇంకేమీ లేదు దానయ్య గారూ అన్నాను. ఇక్కడిదాకా వచ్చాం, అదే గొప్ప అని మనసుకి సర్దిచెప్పుకుంటున్నాను.

"ఇంకోటుందమ్మా," అన్నాడు ఆయన. "అది ఫోల్డర్లో పెట్టనేదు. ఆఖరి గురుతు ఇంటోళ్ళకి తప్ప సెప్పకూడదని మా అయ్య ఒట్టేయించుకున్నాడు. నీ బిళ్ళకి కూడా సెప్పనేదు."

అది గుర్తుందా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆయన కొండల సందుకేసి చూశాడు. అక్కడినుంచి చూపుని ఒడ్డు వెంబడే మెల్లగా, ఒక్కో అడుగూ వేసినట్టు జరుపుకుంటూ వెళ్ళాడు. ఒకచోట ఆగింది. భుజాలు కిందికి దిగాయి.

"నువ్వు కాసేపు అటు తిరుగమ్మా," అన్నాడు.

నేను ఒడ్డుకి వీపు పెట్టి కూర్చున్నాను. ఎదురుగా ఉత్త సముద్రం, పట్టుకోవడానికి ఒక్క గురుతు లేదు. పడవ కొంచెం కుడికి తిరిగింది. కొంతదూరం పోయి ఇంకొంచెం తిరిగింది. ఇంజన్ ఆగింది. లంగరు నీళ్ళలో పడిన చప్పుడు, తాడు అంచు మీద రాసుకుంటూ జారిపోతున్న చప్పుడు. గురవయ్య బారలు లెక్కపెడుతున్నాడు. పది. పన్నెండు. నేను కళ్ళు మూసుకున్నాను. పద్నాలుగు అన్నాడు, ఆ తర్వాత ఏమీ అనలేదు. ఇనుము రాయికి తగిలిన చిన్న అదురు తాడులోంచి, చెక్కలోంచి నా అరికాళ్ళకి తెలిసింది.

"ఇంక ఇటు తిరుగు," అన్నాడు దానయ్య గారు.

నేను వెంటనే తిరగలేదు. ముందు ముఖం తుడుచుకోవాల్సి వచ్చింది.